పదహారేళ్లకే ముక్కు సర్జరీ అడిగితే: ఇప్పుడా, ఆగాలా, అసలు వద్దా?

టీనేజి పిల్లలకు కాస్మెటిక్ సర్జరీ చేయించవచ్చా అని అడిగితే అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చేసేవారిని పట్టించుకోకండి. చెవులు సరిచేయించడం, ముక్కు చెక్కించడం, అబ్బాయిల ఛాతీ తగ్గించడం, పెదవులు ఉబ్బించడం అన్నిటినీ ఒకే పేరుతో పిలుస్తున్నాం గానీ, ఇవి ఒకదానితో ఒకటి పోల్చదగిన పనులు కావు. ఒకటి ఆరేళ్ల పిల్లవాడికి చేసినా తప్పు లేదు. ఇంకొకటి పదిహేడేళ్ల అమ్మాయికి చేస్తే ఇంగ్లండులో నేరం. అందుకని మీ అబ్బాయి, అమ్మాయి అడుగుతున్నది ఏ భాగం గురించో ముందు చూడండి. ఆ భాగం ఎదగడం పూర్తయిందా, ఆ ఇబ్బంది దానంతట అదే పోయేదా, అసలు ఈ కోరిక ఎవరిది అన్నవి తేలితే చాలావరకు జవాబు దొరికినట్టే.

ఒక గీత మాత్రం మొదటే గీసుకోవాలి. గ్రహణం మొర్రి, కాలిన గాయాలతో బిగుసుకుపోయిన చర్మం, ప్రమాదంలో దెబ్బతిన్న ముఖం వంటివి అందం కోసం చేయించే ఆపరేషన్లు కావు. వీటికి పదహారేళ్లు రావాలని ఎవరూ ఆగరు. మొర్రి ఉన్న పెదవిని పుట్టిన కొన్ని నెలలకే కుడతారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు గుర్తించాల్సిన లోపాల్లో ఇదీ ఒకటి. అలా పుట్టిన పిల్లలకు ముక్కు ఆకారం పూర్తిగా సరిచేసే చివరి ఆపరేషన్ మాత్రం సాధారణంగా టీనేజి చివర్లో చేస్తారు. దానికి వెనకాడే తల్లిదండ్రులను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. అది సోకు కాదు, మొదలుపెట్టిన చికిత్సను ముగించడం.

ఈ గీత ఎక్కడుందో డాక్టర్లకన్నా పన్నుల శాఖే స్పష్టంగా చెప్పింది. వైద్య సేవలకు జీఎస్టీ లేదు. కాస్మెటిక్ సర్జరీకి, జుట్టు మార్పిడికి ఉంది. పుట్టుకతో వచ్చిన లోపాన్నో, ఎదుగుదలలో వచ్చిన తేడానో, గాయం వల్ల పోయిన రూపాన్నో సరిచేసేదైతే మళ్లీ మినహాయింపు. ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్‌లో జీఎస్టీ వేశారో లేదో చూడండి, మీ బిడ్డ ఆపరేషన్‌ను వాళ్లు ఏ కోవలో వేశారో తెలిసిపోతుంది. ఆరోగ్య బీమాదీ అదే దారి: ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ వంటి వైద్య కారణం ఉంటే తప్ప కాస్మెటిక్ సర్జరీ ఖర్చు ఇవ్వరు.

చెవులు: అవుననడానికి వెనకాడక్కర్లేదు

తల నుంచి బాగా బయటికి పొడుచుకొచ్చిన చెవులను సరిచేసే ఆపరేషన్ టీనేజి పిల్లలకు అన్నిటికన్నా నిర్భయంగా చేయించదగినది. చెవి ఐదారేళ్లకే పెద్దవాళ్ల చెవి సైజుకు దాదాపుగా వచ్చేస్తుంది కాబట్టి ఎదుగుదల చెడుతుందన్న భయం లేదు. చెవి వెనక కోసి, మృదులాస్థిని (ఆకారమిచ్చే మెత్తని ఎముకను) మడతపెట్టి కుడతారు. మచ్చ చెవి చాటునే ఉండిపోతుంది. తర్వాత కొన్ని వారాలు, ముఖ్యంగా నిద్రపోయేటప్పుడు, తలకు బ్యాండు కట్టుకోవాలి. రక్తం గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్, ఒక చెవి మళ్లీ కాస్త బయటికి రావడం వంటి చిక్కులు ఉండవచ్చు గానీ ఫలితం మొత్తానికి నిలకడగా ఉంటుంది.

బడిలో 'ఏనుగు చెవులు' అని పిలిపించుకుంటూ పెరిగిన పిల్లవాడు పద్నాలుగేళ్లకు నోరు తెరిచి అడిగాడంటే, ఆ మాట చెప్పడానికి ఎన్నేళ్లు ఆగాడో ఆలోచించండి. అడిగితే చేయించండి. అడక్కపోతే మాత్రం మీరు ఆ ఊసే ఎత్తవద్దు. తన చెవులతో వాడికి పేచీ లేనప్పుడు మనం పెట్టడం ఎందుకు? ఇంట్లో అప్పుడే పుట్టిన బిడ్డ ఉంటే ఇంకో మాట: పుట్టిన మొదటి రెండు మూడు వారాల్లో చెవి మృదులాస్థి మెత్తగా ఉంటుంది. అప్పుడు అచ్చులాంటి పరికరం పెట్టి, కత్తి లేకుండానే చాలా చెవులను సరిచేయవచ్చు.

ముక్కు: ఎక్కువమంది అడిగేది, ఎక్కువగా ఆగాల్సింది

ముక్కు మధ్య గోడలోని మృదులాస్థి ముఖం మధ్యభాగం ఎదుగుదలకు ఆయువుపట్టు. అది ఎదుగుతుండగా కత్తి పెడితే ముక్కు వంకర తిరగవచ్చు, ఎదగాల్సినంత ఎదగకపోవచ్చు. అమ్మాయిలకు సుమారు 15, 16 ఏళ్లకు, అబ్బాయిలకు 17, 18 ఏళ్లకు ఈ ఎదుగుదల ఆగుతుంది. అంతకన్నా ముందు కేవలం ఆకారం కోసం ముక్కుకు ఆపరేషన్ చేస్తాననే సర్జన్ కనిపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. దెబ్బ తగిలి దూలం విరిగినప్పుడు, ఊపిరి ఆడనంతగా మధ్య గోడ వంగిపోయినప్పుడు సంగతి వేరు. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. ఊపిరి కోసం చేసే ఆ ఆపరేషన్‌ను బీమా కూడా వేరుగా చూస్తుంది.

వయసు వచ్చిందనే అనుకుందాం. సర్జన్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది. పిల్లలు తమ ముక్కును రోజూ చూసుకునేది అద్దంలో కన్నా సెల్ఫీలో. చెయ్యి చాపి అడుగు దూరం నుంచి తీసిన ఫొటోలో, కెమెరాకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ముక్కే. ఆ దూరంలో ముక్కు వెడల్పు అసలుకన్నా దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. ఐదడుగుల దూరం నుంచి తీస్తే ఆ తేడా ఇంచుమించు మాయమవుతుంది. కాబట్టి పగటి వెలుతురులో గోడ దగ్గర నిలబెట్టి, ఐదారు అడుగుల వెనక్కి వచ్చి, జూమ్ చేసి ఒక ఫొటో తీయండి. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. వాటిని సెల్ఫీ పక్కన పెట్టి చూడమనండి. కొందరి కోరిక అక్కడే సగానికి తగ్గుతుంది. తగ్గకపోతే కోరికలో నిజం ఉందనుకోవాలి. ఎలాగూ సర్జన్ కూడా ఇలాంటి ఫొటోలే తీస్తారు, ఫిల్టర్ పెట్టిన బొమ్మను చూసి ఎవరూ ఆపరేషన్ చేయరు.

ఫలితం గురించి మనవాళ్లకు ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. చర్మం మందంగా ఉండే ముక్కులు మన దగ్గర ఎక్కువ. లోపల మృదులాస్థిని ఎంత సన్నగా చెక్కినా, పైన మందపాటి చర్మం ఉంటే కొన అంత సూదిగా తేలదు. వాపు తగ్గడానికీ ఎక్కువ కాలం పడుతుంది. కొరియా నటి ఫొటో పట్టుకెళ్లి ఇలా చేయండి అంటే నిజాయితీ ఉన్న సర్జన్ కుదరదనే అంటారు. దూలం ఎత్తు పెంచాలంటే చెవి నుంచో పక్కటెముక నుంచో తీసిన మృదులాస్థి వాడతారు, లేదా సిలికాన్ ముక్క పెడతారు. సిలికాన్ చౌక, పని తొందరగా అవుతుంది. కానీ ఏళ్లు గడిచాక అది జరగడం, చర్మాన్ని తోసుకుని బయటికి రావడం జరగవచ్చు. పదిహేడేళ్లకు పెట్టిన ముక్క అరవై ఏళ్లు లోపల ఉండాలి. నా ఓటు సొంత మృదులాస్థికే.

కోలుకునే లెక్కలు కూడా చూసుకోండి. ముక్కు మీద పట్టీ దాదాపు వారం. కళ్ల కింద కమిలిన నలుపు రెండు వారాలు. కళ్లజోడు కొన్ని వారాలపాటు ముక్కు మీద ఆనకూడదు, అద్దాలు లేకపోతే బోర్డు కనిపించని పిల్లలకు ఇది చిన్న సమస్య కాదు. బంతి తగిలే ఆటలకు నెలల తరబడి దూరం. చివరి ఆకారం స్థిరపడటానికి ఏడాది. అంటే ఈఏపీసెట్‌కు నెలముందు చేయించే పని కాదు, కౌన్సెలింగ్ అయ్యేలోపు కొత్త ముక్కుతో కాలేజీలో అడుగుపెట్టాలన్న ఆశా నెరవేరదు. కాలేజీ మొదటిరోజు ముఖం ఇంకా ఉబ్బే ఉంటుంది. పైగా అనుభవం ఉన్న సర్జన్ల చేతుల్లో కూడా ఈ ఆపరేషన్లలో కొన్నిటికి రెండోసారి సరిదిద్దడం తప్పదు.

అబ్బాయిల ఛాతీ: ఎవరికీ చెప్పుకోలేని బాధ

ఎండాకాలంలో కూడా చొక్కా లోపల రెండు బనియన్లు వేసుకునే కుర్రవాడు, వాన వచ్చినా ఆటోలో భుజాలు ముందుకు వంచి ఫైలు గుండెలకు అదుముకుని కూర్చునేవాడు, ఈత నేర్చుకోనని మొండికేసేవాడు మీ ఇంట్లో ఉంటే, విషయం బహుశా ఇదే. యుక్తవయసులో హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల సగానికి పైగా అబ్బాయిల్లో ఎంతోకొంత రొమ్ము గ్రంథి పెరుగుతుంది. పదమూడు, పద్నాలుగేళ్ల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందిలో రెండేళ్లలోపు దానంతట అదే తగ్గిపోతుంది.

ఇక్కడ ఆగమనడానికి గట్టి కారణం ఉందన్నమాట, తగ్గిపోయేదానికి మచ్చ ఎందుకు? కానీ ఊరికే ఆగడం కాదు, ఒకసారి డాక్టరుకు చూపించి ఆగాలి. చనుమొన కింద బిళ్లలా గట్టిగా తగిలేది గ్రంథి, మెత్తగా ఉండేది కొవ్వు. కొవ్వయితే బరువు తగ్గితే తగ్గుతుంది, గ్రంథి ఎంత పరుగెత్తినా కరగదు. కొన్ని మందులు, కాలేయ వ్యాధులు, హార్మోన్ లోపాలు, చాలా అరుదుగా వృషణాల్లో గడ్డ కూడా దీనికి కారణం కావచ్చు. ఇంకొకటి, కండలు పెరగాలని వ్యాయామశాలలో తీసుకునే స్టెరాయిడ్లు. మీ అబ్బాయి ఏ డబ్బాలో పొడి తాగుతున్నాడో ఆరా తీయండి, అరవకుండా.

రెండేళ్లు దాటినా తగ్గక, పరీక్షల్లో వేరే కారణం తేలక, వాడి వయసు పదిహేడు, పద్దెనిమిది దగ్గరికి వచ్చిందంటే సర్జరీ సరైన దారే. చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం అంచున చిన్న కోత పెట్టి గ్రంథి తీస్తారు, చుట్టూ కొవ్వును పైపుతో లాగేస్తారు. కొన్ని వారాలు బిగుతు బనియన్ వేసుకోవాలి. 'మగపిల్లాడివి, దీనికింత సిగ్గేమిటి' అని కొట్టిపారేసే తండ్రులకు ఒక మాట: వాడు మీతో చెప్పాడంటేనే చాలా ధైర్యం చేశాడు.

దీనికి జోడుగా అమ్మాయిల వైపు ఒకటుంది. వక్షోజాల బరువు వల్ల మెడ, నడుము నొప్పులు, భుజాల మీద పట్టీ లోతుగా దిగిన గాడి, ఆటలకు దూరం. పెద్దవాళ్లు దీన్ని నోటితో పలకడానికే ఇబ్బందిపడతారు. ఎదుగుదల ఆగి, సైజు ఏడాదిగా మారకుండా ఉంటే తగ్గించే ఆపరేషన్ చేయించవచ్చు. రేపు బిడ్డకు పాలివ్వడంలో తేడా రావచ్చన్నది, మచ్చలు కనిపిస్తాయన్నది ఆ అమ్మాయికే నేరుగా చెప్పాలి, తల్లికి మాత్రమే కాదు.

వీటికి నా జవాబు వద్దనే

వక్షోజాల సైజు పెంచే ఇంప్లాంట్లు టీనేజిలో వద్దు. అమెరికాలోనే, కేవలం సైజు పెంచడానికైతే ఉప్పునీటి ఇంప్లాంట్లకు 18, సిలికాన్ జెల్ ఇంప్లాంట్లకు 22 ఏళ్లు నిండాలని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ నిబంధన. ఇంప్లాంటు జీవితాంతం ఉండేది కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి. ఇరవై లోపు పెట్టిస్తే ఎన్ని మార్పిళ్లు రాసిపెట్టినట్టో!

పెదవులను ఉబ్బించే ఫిల్లర్, ముఖం ముడతలు తగ్గించే బొటాక్స్ సూదులు కూడా వద్దు. ఇంగ్లండులో 2021 అక్టోబరు నుంచి అందం కోసం వీటిని పద్దెనిమిది నిండనివారికి ఇవ్వడం నేరం, తల్లిదండ్రులు సరేనన్నా కుదరదు. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చుబడవచ్చు, చూపు కూడా పోవచ్చు. సూదే కదా, కత్తి కాదు కదా అన్నది బ్యూటీ పార్లర్ల మాట. బుగ్గల్లో కొవ్వు తీయించి ముఖం కోసుగా చేయించుకోవడం ఇంకో వేలంవెర్రి. వయసుతో ముఖంలో కొవ్వు ఎలాగూ తగ్గుతుంది. పదిహేడేళ్లకు తీయించిన బుగ్గలు నలభైకి పీక్కుపోతే, తీసిన ఆ కొవ్వు తిరిగి రాదు.

కొవ్వును పైపుతో లాగేసే లైపోసక్షన్ బరువు తగ్గించే మార్గం కాదు. అది తెలియక, తొందరలో వెళ్లేవారు పెద్దవాళ్లలోనే చాలామంది ఉన్నారు. జుట్టు మార్పిడి ఇరవై లోపు చేయిస్తే, చుట్టూ ఉన్న అసలు జుట్టు తర్వాత రాలిపోయి నాటింది ఒక్కటే ద్వీపంలా మిగలవచ్చు. తెల్లబడటానికి ఇచ్చే గ్లూటాథియోన్ సూదుల జోలికి, స్టెరాయిడ్ కలిసిన ఫెయిర్‌నెస్ క్రీముల జోలికి అసలే వెళ్లవద్దు. ఆ క్రీములతో పలచబడి, ఎర్రబడి, మొటిమలతో నిండిన ముఖాలను బాగుచేయడమే చర్మవైద్యులకు రోజూ పని అయిపోయింది.

పొడవు పెంచే ఆపరేషన్ సంగతి కూడా చెప్పాలి. కాలి ఎముకను కోసి, బయట చట్రం బిగించి, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున నెలల తరబడి లాగే ఆపరేషన్ అది. కాళ్లు ఒకదానికన్నా ఒకటి పొట్టిగా పుట్టినవారి కోసం ఎదిగిన విద్య. 2016లో హైదరాబాదులో ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఇంట్లో చెప్పకుండా దీన్ని చేయించుకున్న వార్త అందరికీ గుర్తుండే ఉంటుంది. 2022 మేలో బెంగళూరులో కొవ్వు తీయించుకునే ఆపరేషన్ తర్వాత చనిపోయిన కన్నడ టీవీ నటికి 21 ఏళ్లు. ఆమె కూడా తల్లిదండ్రులకు చెప్పకుండానే వెళ్లింది.

ఆగమనడం ఎలా?

ఆ ఇద్దరూ మైనర్లు కాదు. సంతకం పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేని వయసు వచ్చాక వెళ్లారు. పదహారేళ్ల బిడ్డకు 'నోరు మూసుకుని చదువుకో' అని చెబితే కోరిక చావదు, పద్దెనిమిదో పుట్టినరోజు దాకా దాక్కుంటుంది. ఆ తర్వాత మీరు లేని గదిలో, మీకు తెలియని క్లినిక్‌లో బయటికి వస్తుంది. అందుకే ఆగమనేవారు ఎప్పటిదాకా ఆగాలో, ఆ తర్వాత ఏం చేస్తారో కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో పద్దెనిమిది లోపు వారికి పెద్ద కాస్మెటిక్ సర్జరీ చేయాలంటే నిర్ణయానికీ ఆపరేషన్‌కూ మధ్య మూడు నెలల గడువు ఉండాలి, ముందు మానసిక స్థితి అంచనా వేయాలి. మన దగ్గర ఈ వయసువారికోసం ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు, తల్లిదండ్రుల సంతకం ఉంటే చాలు. కాబట్టి ఆ గడువేదో మనమే పెట్టుకోవాలి. నేనైతే ముక్కు వంటివాటికి ఏడాది అంటాను. 'వచ్చే వేసవికి కూడా నీకు ఇదే అనిపిస్తే, నేనే తీసుకెళ్తా నాన్నా' అని చెప్పి, ఆ మాట మీద నిలబడండి.

ఆ ఏడాదిలో గమనించాల్సినవి ఉన్నాయి. మొదట ముక్కు, ఆర్నెల్లకు దవడ, తర్వాత చర్మం అంటూ కోరిక మారుతుంటే సమస్య ముఖంలో లేదు. ఎదుటివారికి కనపడని లోపం గురించి గంటల తరబడి అద్దం ముందు గడపడం, లేదా అద్దాలన్నీ తప్పించుకు తిరగడం, ఫొటోలు దిగకపోవడం, కాలేజీ మానేయడం కనిపిస్తే అది రూపం పట్ల పట్టుకునే ఒక మానసిక రుగ్మత కావచ్చు. సాధారణంగా టీనేజిలోనే మొదలవుతుంది. దానికి ఆపరేషన్ చేయిస్తే బాధ తీరదు, ఇంకో భాగం మీదికి మళ్లుతుంది. మాటలతో చేసే చికిత్స, అవసరమైతే మందులు పనిచేస్తాయి. సైకియాట్రిస్టు దగ్గరికంటే పరువు పోతుందని వెనకాడి, సర్జన్ దగ్గరికి లక్షలు పట్టుకెళ్లేవారిని ఏమనాలి?

కోరిక ఎవరిదో తేల్చడం ఇంకా కష్టం. 'కాస్త ముక్కు చెక్కిస్తే మంచి సంబంధాలొస్తాయి' అని అత్తయ్యలు, పిన్నులు ఇంటర్ చదివే పిల్ల ముందే అనేస్తారు. ఏడాది తిరిగేసరికి ఆ మాట ఆ పిల్ల సొంత కోరికగా మారుతుంది. మంచి సర్జన్ కన్సల్టేషన్‌లో కాసేపు తల్లిదండ్రులను బయట కూర్చోమని, పిల్లతో విడిగా మాట్లాడతారు. అలా చేస్తే నొచ్చుకోకండి, సరైన చోటికే వచ్చారనుకోండి. అడిగిన వెంటనే తేదీ ఇచ్చేసి, ఈ వారంలో అయితే డిస్కౌంట్ అనే చోట ఆగవద్దు.

చేయించాలనే నిర్ణయానికి వచ్చాక

బోర్డు మీద కాస్మెటాలజీ, ఈస్తటిక్ వంటి మాటలు ఎవరైనా రాసుకోవచ్చు. ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ చదివారా అన్నది అడగండి, రిజిస్ట్రేషన్ నంబరును మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైటులో సరిచూడండి. చిన్న కోర్సులు, వర్క్‌షాపులు చూసి నేర్చుకున్నంత మాత్రాన ఇలాంటి ఆపరేషన్లు చేయకూడదని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థమవుతుంది. మత్తు ఇచ్చేది ఎవరు, ఆపరేషన్ అయ్యేదాకా ఆ డాక్టరు పక్కనే ఉంటారా, ఐసీయూ ఉందా అన్నవి ముక్కు ఎలా వస్తుందన్న దానికన్నా ముందు అడగాలి. ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖ కేజీహెచ్‌లలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. అక్కడ చేయించకపోయినా రెండో అభిప్రాయానికి వెళ్లవచ్చు. ప్రైవేటు క్లినిక్‌ల ఫొటోల ఆల్బం కన్నా ఆ అభిప్రాయం మేలు.

అమెరికా నుంచి సెలవులకు వచ్చి పిల్లల ముక్కు, ఛాతీ ఆపరేషన్లు ఇక్కడ ముగించుకుని వెళ్లే కుటుంబాలకు ఖర్చు కలిసివస్తుందన్నది నిజమే. వచ్చిన మొదటి వారంలోనే చేయించండి, తిరుగు ప్రయాణం టికెట్ తేదీ మార్చుకునే వీలున్నది తీసుకోండి. అక్కడికెళ్లాక ఇన్ఫెక్షన్ వచ్చినా, ఆకారం వంకరపోయినా అక్కడి సర్జన్లు వేరొకరి పనిలో చెయ్యి పెట్టడానికి ఇష్టపడకపోవచ్చు, బీమా కూడా పలకకపోవచ్చు. రెండోసారి సరిచేయాల్సి వస్తే సర్జన్ ఫీజు ఉంటుందా, ఆపరేషన్ థియేటర్, మత్తు ఖర్చులు ఎవరివి, ఎన్ని నెలల్లోపు రావాలి అన్నది డబ్బు కట్టకముందే ఆసుపత్రి కాగితం మీద రాయించుకోండి.